ఎక్కడికని అడిగే కారు

నాకు మాట పోయింది కానీ కోపం పోలేదు. పైకి రావాల్సిన మాటలన్నీ అందులోనే చేరాయేమో, ఇదివరకటికంటే ఎక్కువే అయింది. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు కాబట్టి ఇదంతా ఎడమచేతి బొటనవేలితో ఫోనులో కొడుతున్నాను. చెప్పాలనుకున్న మాట నాలుక దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఇంకొంచెం ముందు తీసుకొచ్చి ఉంటే మాట దక్కేదని డాక్టరు అన్నాడు. మేం ముందే బయల్దేరామండీ. మమ్మల్ని ఆపింది మా కారు. మా ఆయన కనిపెట్టిన తాళం అందులో ఉంది. ఆ తాళం నా గొంతుతోనే నన్ను ఆపింది.

ముందు తాళం సంగతి చెప్పాలి. మా ఆయన సదాశివరావుకి బెజవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డులో మొదలైన కంపెనీ ఉంది. కార్లకి దొంగల భయం లేకుండా తాళాలు చెయ్యడం ఆయన వృత్తి, పిచ్చి కూడా. ఆయన పెట్టిన ప్రతి తాళాన్నీ ఎవడో ఒకడు తీసేసేవాడు. ఒకడు అద్దం పగలగొట్టేవాడు, ఒకడు తాళంచెవికి నకలు చేసేవాడు, ఇంకొకడు చెవితో పని లేకుండా ఫోనుతోనే బండిని బురిడీ కొట్టించి తోలుకుపోయేవాడు. చివరికి ఒక రోజు భోంచేస్తూ, ముద్ద చేతిలో ఉండగానే, "దొంగ అన్నీ తేగలడు ఇందూ, నిజం ఒక్కటీ తేలేడు" అన్నాడు. నిజంతాళం అలా పుట్టింది.

స్టీరింగు పట్టుకోగానే కారు రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎవరు? ఎక్కడికి? జవాబు చెప్పే గొంతులో వణుకునీ, అరచేతిలో చెమటనీ, వేళ్ళ చివర నాడినీ కలిపి చూస్తుంది. నిజమైతే తలుపు పిడిలో పచ్చదీపం వెలిగి బండి కదులుతుంది. అబద్ధమైతే ఎర్రదీపం. తలుపులు బిగుసుకుంటాయి, మోటారు ఆగిపోతుంది, యజమాని ఫోనుకీ పోలీసు స్టేషనుకీ వెంటనే కబురు పోతుంది, లోపల మాట్లాడేదంతా రికార్డవుతుంది. మళ్ళీ అడగాలన్నా తలుపు తియ్యాలన్నా యజమాని తన గొంతుతో చెప్పాలి, లేదా తన ఫోనులోంచి చెయ్యాలి. బయటినుంచి పిడి మీద చెయ్యి వేసి మాట్లాడినా వింటుంది. యజమానిని మాత్రం అడగదు. గొంతు గుర్తుపట్టి ఊరుకుంటుంది. డ్రైవర్లని అడుగుతుంది, మెకానిక్కుల్ని అడుగుతుంది, మన పనులు చేసిపెట్టేవాళ్ళందరినీ అడుగుతుంది. ఈ సంగతికి అప్పుడే ఒళ్ళు మండాల్సింది.

ప్రకటన కూడా ఆయనే రాసుకున్నాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. నిజంతాళం పడుతుంది."

అడిగే గొంతు ఆడగొంతయితే మర్యాదగా ఉంటుందని నా గొంతు తీసుకున్నారు. షెడ్డులో రజియా అనే ఇంజినీరమ్మాయి నన్ను గాజుగదిలో కూర్చోబెట్టి అక్షరమాల నుంచి తిట్ల దాకా అన్నీ పలికించింది. ఆ తరవాత యజమాని ఫోనులో ఏది కొడితే అది నా గొంతుతో బండి పలికేది. లోపల ఇరుక్కున్న దొంగతో మాట్లాడటానికట.

"ఎక్కడికి అని మాత్రం నాతో అనిపించకండి" అన్నాను. "బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా ఎక్కడైనా? దూరమా అనండి, ఎందాకా అనండి."

"శకునాలు చూసే కారు అమ్మితే జనం నవ్విపోతారు" అన్నాడు ఆయన.

"శకునం మాట అటుంచండి. ఎక్కడికని అడిగితే మనవాళ్ళెవరూ నిజం చెప్పరు. ఇక్కడికే అంటారు."

నేనన్నట్టే అయింది. పరీక్షల్లో ఫిట్టరు నుంచి లెక్కల గుమాస్తా దాకా అందరూ "ఎక్కడికి?" అంటే "ఇక్కడికే" అన్నారు, అందరికీ ఎర్రదీపమే. ఈ ఒక్క మాట వదిలేద్దాం సార్ అని రజియా అడిగింది. "దొంగ కూడా ఇక్కడికే అంటాడు. వాళ్ళకి నిజం చెప్పడం నేర్పు" అన్నాడు ఆయన. మనిషి తయారుచేసిన వస్తువుకి మనుషులందరూ తగినట్టు మారాలని కోరుకునే చదువు ఆయనది.

ఆ సాయంత్రం ఇంకొక పరీక్ష జరిగింది. పని ముగించుకుని పోయేవాళ్ళు ఒక్కొక్కరే కారు పిడి మీద చెయ్యి వేసి "వస్తాను సార్" అని వెళ్ళారు. పోతూ వస్తానంటున్నారు కదా, ఎర్రదీపం వెలుగుతుందని రజియా భయపడింది. ఒక్కరికీ వెలగలేదు. అన్నీ పచ్చదీపాలే.

"ఇదేంటి మేడం, పోతూ వస్తాననడం అబద్ధం కాదా?" అంది.

"మళ్ళీ వస్తామనే కదమ్మా అనేది. రావాలని ఉన్నవాడి నోట అది అబద్ధం ఎట్లా అవుతుంది?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మా డ్రైవరు ప్రభుదాసు. నేను దాసూ అంటాను. నెమ్మదస్తుడు. బండి దిగి ఇంటికి పోయేముందు తలుపు పడిందో లేదోనని పిడి మీద ఒకసారి చెయ్యి ఆనించి, "వస్తానమ్మగారూ" అని పోయేవాడు. కొత్త తాళం వచ్చాక పొద్దున్నే అది ఎవరు, ఎక్కడికి అని అడుగుతుంటే "కొత్తల్లుణ్ణి అడిగినట్టు అడుగుతందమ్మగారూ మీ గొంతు" అని నవ్వేవాడు. నిజాలే చెప్పేవాడు. ఎప్పుడూ ఎర్రదీపం వెలగలేదు.

రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ కార్తెలోనే మిట్టమధ్యాహ్నం వంటింట్లో గ్లాసు నా చేతిలోంచి జారింది. వంగి తీద్దామంటే చెయ్యి వంగలేదు. దాసుని పిలుద్దామంటే నోట్లోంచి ముద్దముద్దగా ఏదో చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకే అతను పరిగెత్తుకొచ్చాడు. నా మొహం చూసి మారుమాట్లాడకుండా ఎత్తుకెళ్ళి, గేటు బయట ఉన్న కారులో వెనకసీటు మీద పడుకోబెట్టాడు. నాకు భయమేసి ఏడుస్తున్నాను. ఎక్కడికని అతన్ని కళ్ళతోనే అడుగుతున్నాను.

"ఎవరు?" అంది కారు.

"దాసునండి."

"ఎక్కడికి?"

అతను అద్దంలో నన్ను చూశాడు. ఆస్పత్రి అంటే నేను ఇంకా బెదిరిపోతానని అతని బాధ. జబ్బుమనిషి ముందు మనవాళ్ళెవరైనా ఏమంటారో అదే అన్నాడు. "ఏం లేదమ్మగారూ, భయపడమాకండి. ఇక్కడికే. అట్లా గాలికి తిరిగొద్దాం."

గొంతు వణికింది. చేతులు చెమటలు పట్టి ఉన్నాయి. ఎర్రదీపం వెలిగింది. నాలుగు తలుపులూ టక్కుమని బిగుసుకున్నాయి. ఏసీ ఆగిపోయింది.

"మీరు నిజం చెప్పడం లేదు. పోలీసులు వచ్చేదాకా కదలకండి" అని నా గొంతు అతనితో మర్యాదగా చెప్పింది.

"ఆస్పత్రికండీ! అమ్మగారికి బాగోలేదండీ! సార్, వినపడతందా సార్? తలుపు తియ్యండి సార్!" దాసు డాష్‌బోర్డు మీద కొడుతూ అరుస్తున్నాడు. యజమాని గొంతు వింటే కారు తలుపు తీసేది. యజమానుల్లో ఒకదాన్ని నేను, వెనకసీట్లోనే ఉన్నాను. నా గొంతు మాత్రం బండి దగ్గరే ఉండిపోయింది. నా ఫోను వంటింటి గట్టు మీద మోగుతూనే ఉందట.

లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంది. చాలాసేపటికి దాసు ముందుసీటుకి తల ఆనించే దిండు పీకి, దాని ఇనుప కడ్డీలు అద్దం అంచులో గుచ్చి మెలితిప్పాడు. ఆ అద్దం మామూలుది కాదు, దొంగలకి పగలకుండా చేసింది. పగిలేసరికి అతని రెండు చేతులూ చీరుకుపోయాయి. ఆ నెత్తుటి చేతులతోనే నన్ను బయటికి లాగి, దారినపోయే ఆటో ఆపి ఆస్పత్రికి చేర్చాడు. అక్కడే పోలీసులు అతన్ని పట్టుకున్నారు. కారు దొంగతనం, అద్దం పగలగొట్టడం, ఇంటావిడని ఎత్తుకుపోవడం. మూడు కేసులు పెట్టారు.

ఆ సమయంలో మా ఆయన ఏం చేస్తున్నాడో రజియా ఆస్పత్రికొచ్చి ఏడుస్తూ చెప్పింది. షెడ్డులో పెట్టుబడి పెట్టేవాళ్ళతో సమావేశం జరుగుతోందట. గోడ మీది పెద్ద తెర మీద ఎర్రదీపం వెలిగి దాసు మొహం కనపడిందట. మా ఆయన లేచి నిలబడి, "చూడండి, మీ కళ్ళముందే! సొంత డ్రైవరు!" అన్నాడట. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారట. నేను కారులో ఉడికిపోతుంటే అక్కడ చప్పట్లు కొట్టారండీ!

"దాసు అరుపు వినపడలేదా?" అని ఫోనులో కొట్టి చూపించాను.

"వినపడే ఉంటుంది మేడం. మాకు వినపడేలోపే సార్ సౌండు ఆపేశారు. ఆయన చెవిలో మాత్రం ఇయర్‌ఫోను ఉంది." తల దించుకుంది. "తరవాత ఆ రికార్డు తీసేశారు. యజమాని తీసేస్తే ఇక ఉండదు. పోలీసులకి ఇచ్చిన ముక్కలో ఇక్కడికే అన్న మాట దాకానే ఉంది."

ఇంటికొచ్చాక దాసు దొంగ కాదు అని కొట్టి ఆయనకి చూపించాను. చదివి, నా తల నిమిరాడు. "అప్పుడు నీకు స్పృహ లేదు ఇందూ. డాక్టర్లు కూడా అదే రాశారు. నువ్వు ప్రశాంతంగా ఉండు." ఎస్సైకి కూడా అదే చెప్పి పంపాడు. నోరులేని ఆడదాని మాటకి విలువ కట్టడానికి ఆ మాటే చాలింది. రోజూ నా కాళ్ళకి నూనె రాస్తాడు, మందులు వేళకి వేస్తాడు, దాసు పేరెత్తితే మాత్రం లేచిపోతాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం.

దాసు సబ్‌జైల్లో ఉన్నాడు. బెయిలు వాయిదా దగ్గరకొచ్చింది. ఆ వారంలోనే ఒక ఉదయం నా మంచం మీద పట్టుచీర, పూలు పెట్టి ఉన్నాయి. ఎక్కడికి అని కొట్టాను.

"ఇక్కడికే. బ్యారేజీ మీద గాలికి అట్లా తిరిగొద్దాం" అన్నాడు అద్దంలో మీసం సవరించుకుంటూ.

గాలికి పట్టుచీర ఎవరు కడతారు? పోర్టికో నిండా తాళం ప్రచార సభకి తెచ్చిన కుర్చీలు, ఫ్లెక్సీలు ఉన్నాయి. ఒకదాని మీద దుప్పటి కప్పారు. ఫ్యాను గాలికి అది లేచింది. దాని మీద ఉన్నది నా ఫొటో. కింద అక్షరాలు: "కిడ్నాపరు చేతిలోంచి నన్ను కాపాడింది నిజంతాళం." ఆ వేదిక మీద పట్టుచీరలో కూర్చుని నేను నవ్వితే దాసుకి బెయిలు కాదు, బతుకే లేదు.

కారు నా పేరు మీదే ఉంది. ఆడదాని పేరున కొంటే కలిసొస్తుందని సిద్ధాంతి చెప్పాడు కాబట్టి మొదటి యజమానిని నేను, రెండో యజమాని ఆయన. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నా ఫోను తీసి, యజమానుల్లోంచి ఆయన పేరు కొట్టేశాను.

పోర్టికో నిండిపోయింది కనక కారు వీధిలో ఎండలో ఉంది. నన్ను జాగ్రత్తగా ముందుసీట్లో కూర్చోబెట్టి, ఆయన స్టీరింగు పట్టుకున్నాడు.

"ఎవరు?"

నా పాత గొంతు. స్పష్టంగా, ఆరోగ్యంగా ఉంది. ఆయన ఉలిక్కిపడి, వెంటనే నవ్వేశాడు. "ఇదేంటి, నన్ను అడుగుతోంది? నేనే."

"ఎక్కడికి?"

"ఇక్కడికే" అన్నాడు.

ఆలోచించి అనలేదు. అందరికీ నిజం చెప్పడం నేర్పమన్న పెద్దమనిషి, అలవాటుగా అనేశాడు. ఎర్రదీపం వెలిగింది. తలుపులు బిగుసుకున్నాయి.

ఆయన తన ఫోను తీసి నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. అందులో తన పేరు లేకపోవడం చూసి నా వైపు తిరిగాడు. "నువ్వేనా? ఏంటీ ఆటలు? తియ్యి. ఎండ చూశావా, చచ్చిపోతాం ఇద్దరం!"

నేను కొట్టాను. కారు పలికింది. "సీటు దిండు పీకి అద్దం పగలగొట్టండి. దాసు అట్లాగే చేశాడు."

ఆయన దిండు వైపు చూశాడు. అది రాదని ఆయనకి తెలుసు. దాసు పగలగొట్టిన వారానికే దిండ్లన్నిటికీ మరలు బిగించమని షెడ్డుకి చెప్పింది ఆయనే. నాకు జరిగిందాంట్లోంచి ఆయన నేర్చుకున్న పాఠం అదొక్కటే.

"చెయ్యి స్టీరింగు మీద పెట్టండి. నన్ను ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"సభకి." పచ్చదీపం. "చెప్పాను కదా, తియ్యి."

"దాసు అరుపు మీకు వినపడిందా?"

"లేదు. సౌండు ఆపేసి ఉంది." ఎర్రదీపం వెలిగింది. ఆయన మొహమంతా చెమటలు కారుతున్నాయి. "ఇందూ, ఇది తప్పు చూపిస్తోంది. ఎండకి అరచేతులు తడిస్తే, మనిషి భయంలో ఉంటే దీన్ని నమ్మకూడదు. నేను తయారుచేసింది, నాకు తెలీదా?"

"ఆ రోజూ ఎండే. అతనూ భయంలోనే ఉన్నాడు."

బయట కూరగాయల బండివాడు మా వైపు వింతగా చూస్తూ పోయాడు. నాకూ ఊపిరి ఆడటం లేదు, కళ్ళు మసకలు కమ్ముతున్నాయి. అయినా వేలు కదిలించలేదు. నాకంత కోపంగా ఉంది.

"విన్నాను" అన్నాడు చివరికి, నన్ను కాకుండా స్టీరింగుని చూస్తూ. "అమ్మగారికి బాగోలేదన్నాడు. విన్నాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు ఇందూ. అప్పుడు తలుపు తీసి, మా తాళం తప్పు చేసిందని ఎట్లా చెప్పను? వాళ్ళు వెళ్ళగానే తీద్దామనుకున్నా. ఈలోపు టీలు వచ్చాయి."

పచ్చదీపం. టీలు వచ్చాయట! నా మాట, అతని చేతులు, అన్నీ కలిపి ఆ టీ పాటి చెయ్యలేదు.

"దాసు దొంగా?"

"కాదు."

పచ్చదీపం. అప్పుడు తలుపులు తీశాను. ఆయన కిందకి దిగి గోడ నీడలో కూలబడ్డాడు. నేను సీట్లోనే కూర్చుని ఏడ్చాను. జాలితో కాదు. ఇన్నాళ్ళూ నేను ఎవరితో కాపురం చేశానోనని.

ఎర్రదీపం వెలిగితే స్టేషనుకి కబురు పోతుందని, లోపలి మాటలు రికార్డవుతాయని చెప్పాను కదా. ఎస్సై దొంగని పట్టుకుందామని మోటారుసైకిలు మీద రానే వచ్చాడు. పట్టుచొక్కాలో చెమటోడుస్తున్న మా ఆయన తప్ప అక్కడ ఇంకెవరూ లేరు. ఇంటి దొంగను నిజంతాళం పడుతుందని రాసుకున్నాడే, ఆ ఒక్క ముక్కా అబద్ధం కాలేదు. రికార్డు తీసెయ్యడానికి ఆయన ఇప్పుడు యజమాని కాదు.

దాసు విడుదలయ్యాడు. మా ఆయన మీద కేసు నడుస్తోంది, ఆయన గుంటూరులో తమ్ముడింట్లో ఉంటున్నాడు. కంపెనీని వేరేవాళ్ళు కొన్నారు. తాళం పేరు మార్చి, ఎవరో కుర్రపిల్ల గొంతు పెట్టి, అమ్ముతూనే ఉన్నారు. కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. వాళ్ళ డ్రైవర్లు రోజూ పొద్దున్నే ఎక్కడికో చెప్పుకుంటున్నారు.

మొన్న దాసు వచ్చాడు, తన దగ్గరున్న గేటు తాళంచెవి ఇచ్చిపోదామని. కారు పక్కనే నిలబడ్డాడు. నాకు ఆత్రం ఆగలేదు. ఫోనులో కొట్టేశాను. కారు నా గొంతుతో పలికింది. "దాసూ, లోపలికి రా."

అతను అదిరిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. మొహం పాలిపోయింది. ఆ గొంతు ఎక్కడ విన్నాడో నాకు అప్పుడు గుర్తొచ్చింది. కారు గొంతు ఆపేసి, దగ్గరికి నడిచి, ఫోను అతని కళ్ళముందు పెట్టాను.

మళ్ళీ పనిలోకి రావూ? ఈ తాళం పీకించేస్తాను.

చదివి నవ్వడానికి ప్రయత్నించాడు. చేతులు చూపించాడు. కుడిచేతి రెండు వేళ్ళు ముడుచుకోవడం లేదు. "స్టీరింగు పట్టు సరిగ్గా దొరకటం లేదమ్మగారూ. అయినా పర్లేదులేండి. మీరు ఒంట్లో జాగ్రత్త. మందులు ఆపమాకండి."

క్షమించమని కొట్టాలనుకున్నాను. ఆ మాట అతనికి చెప్పాల్సింది మా ఆయన. నా మీద కూడా కోపం ఉంటే కోప్పడు దాసూ అని కొట్టాను.

"మీ మీద నాకెందుకమ్మా కోపం?" అన్నాడు. గేటు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఎండ ముదరకముందే పోతాను."

గేటు వైపు తిరుగుతూ, పాత అలవాటున, కారు తలుపు పడిందో లేదోనని పిడి మీద చెయ్యి ఆనించాడు.

"వస్తానమ్మగారూ" అన్నాడు.

అతని అరచేతి కింద ఎర్రదీపం వెలిగింది. అతను చూసుకోకుండానే గేటు దాటి వెళ్ళిపోయాడు.